తీగ చేరని గూడేలకు ఏ వెలుగు మేలు?

దేశంలోని గ్రామాలన్నింటికీ విద్యుత్తు చేరిందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించి ఏళ్లు గడిచాయి. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి తీగ చేరడంతో ఆ లక్ష్యం పూర్తయిందని ఆనాడు చెప్పారు. అంతకు ముందు ఏడాది, 2017 సెప్టెంబరు 25న ప్రారంభించిన సౌభాగ్య పథకం కింద 2022 మార్చి నాటికి 2.86 కోట్ల ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చినట్లు అధికారిక లెక్కలు తెలుపుతున్నాయి. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే గ్రామానికి తీగ చేరడం వేరు, ఆ గ్రామం పేరుమీద కొండ మీద ఉన్న ప్రతి గూడేనికీ వెలుగు చేరడం వేరు. తూర్పు కనుమల్లో ఆంధ్ర, ఒడిశా సరిహద్దు వెంబడి బతికే కుటుంబాలకు ఈ తేడా వివరించి చెప్పవలసిన పనిలేదు.

ప్రభుత్వ నిర్వచనమే ఈ తేడాకు మూలం. ఊరిలో ట్రాన్స్‌ఫార్మరు, లైను ఏర్పాటై, బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం వంటి చోట్ల విద్యుత్తు ఉండి, మొత్తం ఇళ్లలో కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉంటే ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్లే లెక్క. రెవెన్యూ గ్రామం రోడ్డు పక్కన ఉండి, దాని శివారు గూడేలు నాలుగైదు కిలోమీటర్ల దూరాన కొండల మధ్య ఉన్న చోట ఈ లెక్క కాగితం మీద సరిపోతుంది, కొండ మీద సరిపోదు. సౌభాగ్య పథకం ఇంటిని లెక్కలోకి తీసుకుని ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అయినా అడవి మధ్యన పదీ ఇరవై ఇళ్లుగా విడివిడిగా ఉన్న గూడేలకు తీగ లాగడం ఖర్చుతోనూ, కష్టంతోనూ కూడిన పని కావడంతో అక్కడ సౌర విద్యుత్తు పెట్టెలతో సరిపెట్టడం జరిగింది.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి ఉంది. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, ఆ తరువాత వచ్చిన సీలేరు, బలిమెల ప్రాజెక్టులు ఈ కొండల నీటితోనే వెలిగాయి. ఆ జలాశయాల కింద పొలాలు, ఇళ్లు పోగొట్టుకున్నదీ ఈ కొండల ప్రజలే. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం 151 గ్రామాలను బయటి ప్రపంచం నుంచి వేరు చేసింది. 2018 జూలై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన ప్రారంభమయ్యేవరకు ఆ ప్రాంతవాసులకు పడవే దిక్కు. పట్టణాలకు వెలుగునిచ్చిన నీటి ఒడ్డున దశాబ్దాల పాటు కిరోసిన్ బుడ్డి వెలిగింది. కనుక ఈ గూడేలకు వెలుగు అందించడాన్ని దయాధర్మంగా కాక, తీర్చవలసిన బాకీగా చూడడమే న్యాయం.

గడువు తీరిన పెట్టెలు

ప్రస్తుతం ఈ విషయం చర్చకు రావడానికి ఒక తక్షణ కారణం ఉంది. సౌభాగ్య కింద మారుమూల ఇళ్లకు ఇచ్చిన సోలార్ ప్యాక్‌లో 200 నుంచి 300 వాట్ల పలక, బ్యాటరీ, 5 ఎల్ఈడీ దీపాలు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్ పాయింటు ఉండేవి. అయిదేళ్ల పాటు మరమ్మతు బాధ్యత కూడా పథకంలోనే ఉండేది. 2018, 2019లలో బిగించిన పెట్టెలకు ఆ అయిదేళ్లు 2024 నాటికే ముగిశాయి. పలక పాతికేళ్ల దాకా పనిచేయగలదు గాని, మామూలు బ్యాటరీ ఆయుష్షు మూడు నుంచి అయిదేళ్లే. అంటే బ్యాటరీ చచ్చే కాలానికే సంస్థ బాధ్యత కూడా తీరిపోయింది. చూరు మీద పలక ఎండకు మెరుస్తూనే ఉంటుంది, చూరు కింద మాత్రం మళ్లీ చీకటి.

ఇంతలో మరో అవకాశం వచ్చింది. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ కార్యక్రమం దేశంలోని 75 ప్రత్యేక బలహీన గిరిజన సమూహాల కోసం ఉద్దేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో చెంచు, కొండరెడ్డి, ఖోండు, గదబ, పోర్జ, కొండ సవర సమూహాలు, ఒడిశాలో బొండా, దిదాయి, డోంగ్రియా కొంధ్ మొదలైనవి, మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో కోలాములు ఈ పరిధిలోకి వస్తారు. తీగ చేర్చడం సాధ్యం కాని లక్ష ఇళ్లకు సౌర విద్యుత్తు అందించేందుకు ఇందులో 515 కోట్ల రూపాయలు కేటాయించారు. ఒక్కో ఇంటికి 50 వేల రూపాయల వరకు ఖర్చు చేయవచ్చు. 1,500 బహుళ ప్రయోజన కేంద్రాలకూ సౌర దీపాల సదుపాయం ఉంది. 2023–24 నుంచి 2025–26 వరకు మూడేళ్ల కాలానికి ఈ కార్యక్రమాన్ని రూపొందించారు. కార్యక్రమానికి కాలపరిమితి ఉంటుంది గాని గూడెం అవసరానికి ఉండదు. కాబట్టి ప్రభుత్వం ఇచ్చేది ఏదైనా, దాన్ని ఎంచుకునే వేళ గ్రామసభలు మొదటి దశలో జరిగిన పొరపాట్లను గుర్తుంచుకోవలసి ఉంది.

ముందు అవసరం, తరువాత యంత్రం

ఏ వనరు మేలన్న ప్రశ్నకు అన్ని ఊళ్లకూ వర్తించే ఒక్క జవాబు లేదు. గూడేనికి ఏ పనికి విద్యుత్తు కావాలన్నది ముందుగా తేలాలి. దీపం, ఫ్యాను, సెల్‌ఫోను చార్జింగు మాత్రమే చాలునా? చోళ్లు ఆడించే పిండిమర, తాగునీటి మోటారు, పసుపు ఉడకబెట్టి ఆరబెట్టిన తరువాత పాలిష్ చేసే యంత్రం కూడా కావాలా? ఈ రెండింటి మధ్య వ్యత్యాసం చాలా పెద్దది.

ఒక ఇంటి లెక్కను చూస్తే విషయం బోధపడుతుంది. 7 వాట్ల దీపాలు అయిదు, రోజుకు అయిదు గంటలు వెలిగితే 175 వాట్ గంటలు. 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 200. చిన్న టీవీ మూడు గంటలకు 90, ఫోన్లకు 20. మొత్తం కలిపినా అర యూనిట్ దాటదు. 300 వాట్ల పలక ఎండ బాగా కాసే రోజున సుమారు 1.2 యూనిట్లు ఉత్పత్తి చేస్తుంది. బ్యాటరీలో, తీగల్లో నష్టం పోగా ముప్పాతిక యూనిట్‌కు తక్కువ కాకుండా మిగులుతుంది. కనుక ఇంటి అవసరానికి ఈ పెట్టె చక్కగా సరిపోతుంది. అయితే ఆషాఢ శ్రావణాల్లో మబ్బు కమ్మి మూడు నాలుగు రోజులు వాన వదలని వేళ ఉత్పత్తి మూడో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు ఫ్యాను ఆపి దీపాలతో సరిపెట్టుకోవాలి. ఇక రెండు హార్స్ పవర్ పిండిమరకు 1,500 వాట్లు కావాలి. ఇంటింటికీ విడిగా ఇచ్చిన పెట్టెలు ఇరవై ఉన్నా ఆ మర తిరగదు, ఎందుకంటే వాటిని కలిపే తీగ లేదు.

ఆడవారి మాట వినకుండా ఈ నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో కర్ణాటకలోని పుర గ్రామ అనుభవం చెబుతుంది. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని ఈ ఊరిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆస్ట్రా బృందం 1980లలో ఊరుమ్మడి పేడ గ్యాసు ప్లాంటు నెలకొల్పింది. వంటకు గ్యాసు ఇవ్వాలన్నది తొలి ఆలోచన. ఊరి పశువుల పేడ అన్ని పొయ్యిలకూ చాలలేదు. గ్రామస్తులు ముందుగా కోరుకున్నది తాగునీరు. 1987 నుంచి ఆ గ్యాసుతో ఇంజను నడిపి బోరు నీటిని తోడి ఇళ్లకు అందించి, దీపాలూ వెలిగించడంతో ఆ ప్లాంటును ఊరు తనదిగా భావించింది. పేడ తెచ్చిన కుటుంబాలకు కిలోకు 2 పైసలు, దానితో పాటు గ్యాసు తీయగా మిగిలిన ఎరువు దక్కేవి. పెట్టిన యంత్రం పెద్దగా మారలేదు. దాన్ని వాడిన అవసరం మారింది, ప్రయత్నం నిలిచింది.

గెడ్డ ఉన్న చోట గెడ్డే మిన్న

తూర్పు కనుమలకు ప్రకృతి ఇచ్చిన వరం కొండ గెడ్డలు. ఏడాది పొడవునా పారే గెడ్డ ఊరికి దగ్గరలో ఉంటే చిన్న జలవిద్యుత్ యంత్రానికి మించిన వనరు లేదు. దీనికి పెద్ద ఆనకట్ట అక్కరలేదు. పైన చిన్న అడ్డుకట్ట కట్టి, నీటిని గొట్టం ద్వారా కిందికి దించి, టర్బైను తిప్పి, అదే నీటిని తిరిగి గెడ్డలోకి వదిలేస్తారు. పొలాలకు పారే నీటిలో చుక్క తగ్గదు.

దీని శక్తిని అంచనా వేయడానికి ఇంజనీరు వచ్చేదాకా ఆగనక్కరలేదు. గెడ్డ నీటిని ఒక గొట్టం గుండా మళ్లించి 200 లీటర్ల పీపా కింద పెట్టినప్పుడు అది 10 సెకన్లలో నిండితే ప్రవాహం సెకనుకు 20 లీటర్లు. నీరు కిందికి దిగే ఎత్తు 30 మీటర్లు ఉందనుకుంటే, యంత్రంలో, గొట్టంలో సగం నష్టపోయినా దాదాపు 3 కిలోవాట్లు వస్తుంది. ఇది రాత్రింబవళ్లు వచ్చే విద్యుత్తు గనుక రోజుకు 72 యూనిట్లు. ఇంటికి 300 వాట్ల చొప్పున 40 ఇళ్లకు బిగించే 12 కిలోవాట్ల సోలార్ పలకలు మంచి ఎండలో ఇచ్చేది 48 యూనిట్లే. పైగా జలవిద్యుత్తుకు పెద్ద బ్యాటరీ ఖర్చు లేదు, పగటిపూట పిండిమరను కూడా తిప్పుకోవచ్చు.

అయితే కొలత వానాకాలంలో తీస్తే మోసపోక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో, గెడ్డ అతి సన్నగా ఉన్నప్పుడు తీసిన కొలతే ప్రమాణం. ఎత్తును మేస్త్రీలు గోడ మట్టం చూసే నీటి గొట్టంతో అంచెలంచెలుగా కొలవవచ్చు. యంత్రం ఊరికి కిలోమీటరు దాటి ఉంటే తీగల్లోనే చాలా శక్తి పోతుంది. గెడ్డ పైభాగంలో అడవి నరికితే ప్రవాహం తగ్గుతుంది. కనుక జలవిద్యుత్తు ఎంచుకున్న ఊరు పైనున్న అడవిని కాపాడుకునే కట్టుబాటు కూడా చేసుకోవాలి. పోడు కోసం ఊట దగ్గరి చెట్లు కొట్టిన నాడు వెలుగూ తగ్గుతుందన్న సంగతి గూడెం పెద్దలకు తెలియనిది కాదు.

ఇది కేవలం ఊహ కాదు. కొరాపుట్ జిల్లాలోని పుట్సిల్ అనే గిరిజన గ్రామంలో 1999లో ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో ఇలాంటి చిన్న జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. గ్రామస్తులు శ్రమదానం చేశారు. నిర్వహణను ఊరివారే నేర్చుకున్నారు. కలాహండి కొండల్లో కూడా ఈ తరహా కేంద్రాలు కొన్ని వచ్చాయి. సాలూరుకో, పాడేరుకో సంతకు వచ్చే కుటుంబాలకు ఈ కొండలు పరాయివి కావు. అక్కడ సాధ్యమైనది సరిహద్దుకు ఇటువైపూ సాధ్యమే.

గాలి, కట్టె, పేడ

గాలిమర పేరు వినగానే ఆశ కలగడం సహజం. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి గుట్టల మీద, కర్ణాటకలోని చిత్రదుర్గం వద్ద, తమిళనాడులోని ముప్పందల్ వద్ద బారులుగా తిరిగే మరలను ఎందరో చూశారు. అవి గాలి సందులు, బోడి గుట్టలు. గాలిమరకు ఒక కఠిన సూత్రం ఉంది. గాలి వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దట్టమైన చెట్ల మధ్య, లోయల్లో ఉన్న గూడేనికి గాలి తగినంత ఉండదు, ఉన్నా సుడులు తిరుగుతూ యంత్రాన్ని పాడుచేస్తుంది. అనంతపురం, బళ్లారి సరిహద్దులోని మెట్ట గ్రామాలకు సౌర విద్యుత్తుకు తోడుగా చిన్న గాలిమర పనికిరావచ్చు. ఏడాదిపాటు గాలి వేగం కొలవనిదే అక్కడ కూడా పెట్టుబడి పెట్టరాదు. మల్కన్‌గిరి, పార్వతీపురం, అల్లూరి జిల్లాల అడవి గూడేలకు ఇది సాధారణంగా తగదు.

కట్టెను పొగబెట్టి గ్యాసుగా మార్చి ఇంజను నడిపే గ్యాసిఫయర్ మరో మార్గం. తుమకూరు జిల్లాలోని హోసహళ్లిలో 1988 నుంచి ఏళ్ల తరబడి ఇది పనిచేసింది. దీపాలు, తాగునీరు, పిండిమర దానితోనే నడిచాయి. అక్కడ కట్టె కోసం ఊరి భూమిలో ప్రత్యేకంగా చెట్లు పెంచారన్నది గమనించదగిన అంశం. ఒక యూనిట్ విద్యుత్తుకు కిలో నుంచి కిలోన్నర ఎండు కట్టె కావాలి. 20 కిలోవాట్ల యంత్రం రోజుకు అయిదు గంటలు తిరిగితే 100 నుంచి 150 కిలోల కట్టె ఖర్చవుతుంది. ఆ కట్టెను నరికి, ఆరబెట్టి, ముక్కలు చేసే పని ఎవరిమీద పడుతుందో ముందే తేల్చుకోవాలి. ఆడవారి తలమీద మోపు బరువు పెంచే వెలుగు నిజమైన వెలుగు కాదు. రైసు మిల్లులున్న మైదాన గ్రామాల్లో ఊకతో ఈ యంత్రాన్ని నడపవచ్చు. 2007లో బీహార్‌లోని తమ్‌కుహా గ్రామంలో మొదలైన హస్క్ పవర్ సంస్థ అలాగే చేసింది. ఆ సంస్థే తరువాతి కాలంలో ఊకతో పాటు సౌర పలకలను జోడించుకుంది. ఒకే వనరును నమ్ముకోవడంలోని ఇబ్బంది దానికి కూడా అనుభవంలోకి వచ్చినట్లే.

ఇక పేడ గ్యాసుకు ఒక ఘనపు మీటరుకు రోజుకు 25 కిలోల పేడ, దాదాపు అంతే నీరు కావాలి. కొట్టంలో కట్టేసిన పశువులున్న ఇంటికి వంట గ్యాసుగా ఇది మేలైనదే. పగలంతా పశువులు కొండ మీద మేసే గూడెంలో సగం పేడ అడవిలోనే పోతుంది. వేసవిలో నీటికి కటకట. అక్కడ దీన్ని విద్యుత్తు కోసం కాక, వీలున్న ఇళ్లలో వంట కోసం మాత్రమే ఆలోచించడం ఉచితం.

ధర్నై నేర్పిన పాఠం

ఊరంతటికీ ఒకే సౌర కేంద్రం పెట్టి ఇళ్లకు తీగలు లాగే పద్ధతి ఇంకొకటి. మహారాష్ట్రలోని పుణె జిల్లా దరేవాడిలో 2012లో 9.4 కిలోవాట్లతో 39 ఇళ్లకు ఇలాంటి కేంద్రం వచ్చింది. ఊరి కమిటీ మీటరు చూసి డబ్బు వసూలు చేసి నిర్వహణ నిధికి జమచేసే ఏర్పాటు అక్కడ జరిగింది. ఇళ్లు దగ్గరగా ఉండి, పగలు మోటారు, పిండిమర నడపవలసిన గూడేలకు ఇది అనువైనది. ఇళ్లు చెదురుమదురుగా ఉంటే ఇంటింటి పెట్టెలే నయం.

అయితే ఈ పద్ధతిలో ఎదురయ్యే ప్రమాదానికి బీహార్‌లోని జెహానాబాద్ జిల్లా ధర్నై గ్రామం పేరుపొందిన ఉదాహరణ. 2014 జూలైలో అక్కడ 100 కిలోవాట్ల సౌర కేంద్రం ఎంతో ఆర్భాటంగా ప్రారంభమైంది. మూడు దశాబ్దాలుగా విద్యుత్తు ఎరుగని ఆ ఊరు దేశమంతటా వార్తలకెక్కింది. ఎక్కువ శక్తి తీసుకునే యంత్రాలు వాడరాదన్న నియమం గ్రామస్తులకు రుచించలేదు. తమకు అసలు కరెంటు కావాలని వారు బాహాటంగానే కోరారు. అనతికాలంలోనే ప్రభుత్వ తీగ వచ్చింది. దాని ధర తక్కువ, దానిపై ఏ యంత్రమైనా నడుస్తుంది. జనం అటు మళ్లారు. బ్యాటరీలు అరిగిపోయాక మార్చే నాథుడు లేక కేంద్రం మూలపడింది.

ఈ ఉదంతాన్ని చూపి సౌర విద్యుత్తు పనికిరాదని తీర్మానించడం తొందరపాటు. ధర్నై మైదానంలో, రహదారి దగ్గర ఉంది. తీగ వస్తుందని ముందే ఊహించదగిన ఊరది. కొండ గూడేల పరిస్థితి వేరు. కాని రెండు ప్రశ్నలు ఇక్కడా వర్తిస్తాయి. మూడు నాలుగేళ్లలో తీగ వచ్చే అవకాశం ఉందా? వస్తే పెట్టిన కేంద్రం ఏమవుతుంది? 2016 జనవరిలో సవరించిన జాతీయ టారిఫ్ విధానం, తీగ చేరినప్పుడు ఇలాంటి చిన్న కేంద్రాల విద్యుత్తును గ్రిడ్ కొనుగోలు చేసే ఏర్పాటు ఉండాలని చెప్పింది. తీగతో కలపడానికి వీలైన యంత్రాన్నే మొదట ఎంచుకుంటే ఆ మాట ఉపయోగపడుతుంది, లేకుంటే లేదు.

తీగ వచ్చినా సౌర పెట్టెను పారవేయనక్కరలేదన్నది కూడా నిజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఉత్తరాంధ్రలో స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. అడవి మధ్యన సాగే లైను మీద ఒక్క చెట్టు పడినా కొండ మీద రోజుల తరబడి చీకటే. ఇంట్లో పనిచేసే బ్యాటరీ ఉంటే ఆ రోజులు గడుస్తాయి.

ఉచితం ఎవరికి, ఖర్చు ఎవరికి?

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువగా చర్చకు వచ్చే అన్యాయం ఒకటుంది. కర్ణాటక 2023లో, తెలంగాణ 2024లో గృహజ్యోతి పేరిట 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు అమలులోకి తెచ్చాయి. తమిళనాడు 2016 నుంచి రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితంగా ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల వరకు రాయితీ ఏర్పాటు జరిగింది. ఇవన్నీ మీటరు ఉన్న ఇంటికే. నెలకు పదిహేను యూనిట్లు కూడా వాడని కొండ ఇంటివారు మాత్రం బ్యాటరీని సొంత డబ్బుతో మార్చుకోవాలి. ఒక బ్యాటరీ 12 వేల రూపాయలకు వచ్చి నాలుగేళ్లు పనిచేస్తుందనుకున్నా నెలకు 250 రూపాయల భారం. అందరికంటే పేద కుటుంబం అందరికంటే తక్కువ విద్యుత్తుకు అందరికంటే ఎక్కువ చెల్లిస్తున్నట్లు లెక్క తేలుతుంది. తీగ ఉన్న ఇంటికిచ్చే రాయితీలో కొంత భాగాన్ని తీగలేని ఇంటి బ్యాటరీకి మళ్లించాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

నిర్వహణ విషయంలో పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్ అనుభవం గమనార్హం. ఆ రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా వెయ్యికి పైగా అడవి గ్రామాల్లో సౌర విద్యుత్తు ఏర్పాటు చేసింది. ప్రతి ఊరిలో ఒక స్థానిక నిర్వాహకుడిని పెట్టి, కొన్ని ఊళ్లకు కలిపి ఒక సాంకేతిక నిపుణుడిని నియమించింది. ఇంటి నుంచి స్వల్ప రుసుము తీసుకుని మిగతా ఖర్చును ప్రభుత్వం భరించింది. పలకలు బిగించడం ఒక్కనాటి పని, వాటిని కాపాడడం ప్రతినాటి పని అన్న ఎరుక ఆ ఏర్పాటులో ఉంది.

సరిహద్దు గ్రామాలకు ఇక్కడ మరో చిక్కుంది. సాలూరు మండలానికి, కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకు మధ్యనున్న కొటియా ప్రాంతంలోని 21 గ్రామాల వివాదం 1968 నుంచి న్యాయస్థానాల్లో నలుగుతోంది. 2006లో సుప్రీంకోర్టు యథాతథ స్థితి కొనసాగాలని ఆదేశించింది. రెండు రాష్ట్రాలూ పోటీపడి పథకాలు ప్రకటించే చోట ప్రారంభోత్సవానికి ఇద్దరు వస్తారు, మరమ్మతుకు ఒక్కరూ రాకపోవచ్చు. పలక మీద ఏ ప్రభుత్వం ముద్ర ఉందన్నదానికంటే, ఫిర్యాదు వస్తే ఏ కార్యాలయం బదులిస్తుందన్నది ముఖ్యం. ఆంధ్రలో నెడ్‌క్యాప్, ఒడిశాలో ఒరెడా, మహారాష్ట్రలో మేడా ఈ పనులు చూసే సంస్థలు. దక్షిణ ఒడిశాలో విద్యుత్ పంపిణీ 2021 జనవరి నుంచి టాటా పవర్ సదరన్ ఒడిశా చేతిలో ఉంది. రాష్ట్రం ఏదైనా బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి.

చట్టం ఇచ్చిన హక్కు

గూడేలు చేతులు కట్టుకుని కూర్చోవలసిన అవసరం లేదు. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం విద్యుత్ తీగలు, తాగునీటి గొట్టాలు, సంప్రదాయేతర ఇంధన వనరులతో సహా 13 రకాల సదుపాయాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని కేటాయించవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. దీనికి గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. అంటే అడవి అడ్డమని చెప్పి ఫైలు పక్కన పెట్టడానికి వీల్లేదు. గ్రామసభ తీర్మానమే అందుకు తొలి మెట్టు. విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 43 దరఖాస్తు చేసిన ఇంటికి విద్యుత్తు ఇవ్వడం పంపిణీ సంస్థ విధి అని చెబుతోంది. సెక్షన్ 14 ప్రకారం ప్రభుత్వం గుర్తించిన గ్రామీణ ప్రాంతంలో ఊరివారే విద్యుత్తు ఉత్పత్తి చేసి పంపిణీ చేసుకోవడానికి లైసెన్సు అక్కరలేదు.

ఈ హక్కులు ఉపయోగపడాలంటే గ్రామసభ కూర్చున్న నాడు కొన్ని ప్రశ్నలకు జవాబు రాబట్టాలి. తీగ ఎప్పుడు వస్తుందో పంపిణీ సంస్థ రాతపూర్వకంగా చెప్పిందా? వేసవిలో గెడ్డను కొలిచారా? పిండిమర, మోటారు కావాలని ఆడవారు అడిగారా, అడిగితే ఆ లెక్క చేర్చారా? బ్యాటరీ లిథియమా, మామూలుదా, ఎన్నేళ్ల హామీ? హామీ పత్రం ఎవరి దగ్గర ఉంటుంది? చెడితే ఎన్ని రోజుల్లో వస్తారు? ఊరిలో ఇద్దరికైనా, అందులో ఒక మహిళకైనా మరమ్మతు నేర్పుతారా? ప్రతి ఇంటి నుంచి నెలనెలా ఎంత తీసి ఏ ఖాతాలో వేస్తారు? పాత బ్యాటరీని ఎవరు తీసుకుపోతారు? అందులోని సీసం గెడ్డ నీటిలో కలిస్తే పిల్లల ఆరోగ్యానికే ముప్పు.

స్థూలంగా చూస్తే దారి స్పష్టంగానే ఉంది. వేసవిలో కూడా ఎండని గెడ్డ దగ్గర ఉంటే మొదట దాన్ని పరిశీలించాలి. గెడ్డ లేక, ఇళ్లు దగ్గరగా ఉంటే ఊరుమ్మడి సౌర కేంద్రం, దూరదూరంగా ఉంటే ఇంటింటి పెట్టె. గాలి, కట్టె, పేడలు ప్రత్యేక పరిస్థితుల్లో తోడుగా నిలిచేవే తప్ప అడవి గూడేలకు ప్రధాన వనరులు కావు. వనరు ఏదైనా, తీగ కోసం చేసే దరఖాస్తును మానుకోవలసిన పనిలేదు. సోలార్ ఇచ్చామని చెప్పి తీగ బాధ్యత నుంచి ప్రభుత్వాలు తప్పుకోవడాన్ని అంగీకరించరాదు.

ఇప్పటికే చూరు మీద పనిచేయని పలకలున్న గూడేలకు కొత్త యంత్రం కంటే ముందు కొత్త బ్యాటరీ అవసరం. పలక, తీగలు, దీపాలు చాలాచోట్ల బాగానే ఉంటాయి గనుక ఇది తక్కువ ఖర్చుతో తిరిగి వెలిగించగల వెలుగు. ఏ గూడెంలో ఎన్ని పెట్టెలు పనిచేస్తున్నాయి, ఎన్ని ఆగిపోయాయి అన్న జాబితాను గ్రామసభలే తయారు చేసి, తీర్మానంతో పాటు ఐటీడీఏకు, సంబంధిత ఇంధన సంస్థకు పంపడం ఈ వేసవిలోపే చేయదగిన పని. గెడ్డ కొలతకూ అదే అదను.